గురువారం టేపు

"ఆ టేపు చదవదు సార్," అన్నాడు ఆపరేటర్.

ఊచల్లోంచి రెండు చేతులూ బయటికి పెట్టి, ఆ మాట అప్పటికి మూడోసారి అన్నాడు. డిటెక్టివ్ తన కుర్చీని ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు. ఆయన్ని ఎరిగినవాళ్లంతా నిదానం అని పిలుస్తారు. ఎదురుగానే పిలుస్తారు, ఆయనా పలుకుతాడు.

"చదవదా, ఖాళీగా ఉందా?"

"చదవదు సార్."

"రెండూ ఒకటేగా?" అన్నాడు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పోలీసు అధికారి. కంప్యూటర్ నేరాల విభాగం ఆయనది. కేసు చేతికొచ్చిన రోజే నిందితుణ్ని పట్టేస్తాడని పేరు. అందుకే డిపార్టుమెంటులో ఆయన్ని మెరుపు అంటారు. ఈ కేసుకి నాలుగు గంటలే పట్టింది.

"ఒకటి కాదు సార్," అన్నాడు ఆపరేటర్ నేల చూపులు చూస్తూ. "దాన్ని బాగుచెయ్యగలిగింది ఒక్కరే. టేపుల పెద్దమ్మ. రిటైరై ఐదేళ్లయింది. ఆవిణ్ని పిలిపించండి."

"ఇంకా?"

ఆపరేటర్ మెరుపు వైపు ఒక్కసారి చూసి పెదవులు బిగించేశాడు. ఆ తర్వాత ఎన్ని ప్రశ్నలు వేసినా తల ఊపడమే తప్ప నోరు విప్పలేదు.

బయటికి వచ్చాక మెరుపు నవ్వాడు. "వాళ్లక్క ఏడ్చిందని మీరు కేసు ఒప్పుకున్నారు. బాగుంది. కానీ ఆధారాలు ఏడవవు కదా సార్! ఆ టేపుని నా ల్యాబులో నేనే పెట్టి చూశాను. ఖాళీ."

"ఖాళీ అని మీ మెషీన్ చెప్పిందా?"

"ఎక్కించుకోకుండా బయటికి తోసేసింది. చెడిపోయిన టేపులో ఏముంటుంది?"

నిదానం జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, 'తోసేసింది' అని రాసుకుని, దాని కింద గీత గీశాడు.

కేసు చూడబోతే చాలా సాదాగా ఉంది. పెద్ద ఆనకట్ట. దాని గోడ లోపల, ఈ చివరనుంచి ఆ చివరదాకా మనిషి నడిచేంత సొరంగం. గోడలోంచి ఊరే నీటిని రోజూ కొలిచి కంప్యూటర్లో ఎక్కించడానికి ఒక మనిషి ఉండేవాడు. ఇరవై ఏడేళ్లుగా అదే పని. అందరూ ఆయన్ని కొలతలాయన అనేవారు. పోయిన గురువారం పన్నెండున్నరకి సొరంగంలో ఇనప మెట్ల కింద శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. చూసి కేకలు పెట్టింది ఆపరేటరే. సొరంగం తలుపు కార్డు పెడితేనే తెరుచుకుంటుంది. చీఫ్ ఇంజనీరు ఇచ్చిన ప్రింటులో ఆ ఉదయం కొలతలాయన కార్డు పడింది, తర్వాత పన్నెండూ ఇరవై ఒకటికి ఆపరేటర్ కార్డు పడింది. మధ్యలో మరొకరిది లేదు. పైగా ముందురోజు క్యాంటీన్లో ఆ ఇద్దరూ గొంతులు పెంచుకున్నారని నలుగురు చెప్పారు.

ఆ ప్రింటు తీసిన అసలు కంప్యూటర్ డిస్కు శుక్రవారం ఉదయం కుప్పకూలింది. కొత్తది వేశారు గాని పాత వివరాలేవీ మిగల్లేదు. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి ఆ డిస్కుకి నకలు తీసే టేపు డ్రైవ్ ఒకటుంది. వారంలో ఒక్కో రోజుకీ ఒక్కో టేపు. గురువారం టేపు ఉంది. చదవదు.

ఆ రోజు బుధవారం. మనిషి పోయి ఆరు రోజులు.

*

ఆనకట్ట పక్కనే ఉన్న కంట్రోలు భవనంలో, మెషీన్ల గది తలుపు దగ్గరే చీఫ్ ఇంజనీరు ఎదురొచ్చాడు. పొడుగాటి మనిషి. ఇస్త్రీ నలగని చొక్కా. గోడకి ఎనిమిదేళ్ల కిందట పెద్ద మరమ్మతు చేయించి, పతకం అందుకున్న ఫొటో ఆయన గదిలోనే కాక ఈ గదిలోనూ ఉంది.

"మీరు అనవసరంగా శ్రమపడుతున్నారు. ఆ డ్రైవ్ చచ్చి మూడు నెలలైంది. కొత్తది పంపమని రెండుసార్లు ఉత్తరం రాశాను," అన్నాడు.

"మూడు నెలలుగా నకళ్లు లేవన్నమాట."

"లేవు."

"గురువారం మీరెక్కడున్నారు?"

"హెడ్డాఫీసులో. తొమ్మిదికి వెళ్లాను. ఒంటిగంటకి వచ్చాను. వచ్చేసరికి ఇక్కడ గగ్గోలు."

"దారిలో ఎక్కడా ఆగలేదా?"

"ఇదేమిటి, నన్ను ప్రశ్నిస్తున్నారా?" చీఫ్ మెరుపు వైపు తిరిగాడు. "ఈయనకి ఆ అధికారం ఉందా?"

"లేదు. నేను ఉండనిస్తున్నాను, అంతే. గంటలో తేలిపోతుంది," అన్నాడు మెరుపు గడియారం చూసుకుంటూ.

అప్పుడే మెట్లెక్కి పెద్దమ్మ వచ్చింది. డెబ్బైకి దగ్గరగా ఉంటుంది. బక్కపలుచని మనిషి, కళ్లజోడుకి తాడు, చంకలో బిస్కెట్ల రేకు డబ్బా. గదిలో ఉన్న పెద్దమనుషులెవరినీ పట్టించుకోకుండా తిన్నగా బీరువా పక్కనున్న టేపు డ్రైవ్ దగ్గరికి వెళ్లి, దాని మీద అరచెయ్యి వేసింది, జ్వరం చూసినట్టు.

"ఇంకా టేపులు వాడుతున్నారంటే నమ్మలేకపోయానండీ," అన్నాడు మెరుపు సరదాగా. "మ్యూజియంలో ఉండాల్సినవి."

"డిస్కు పోయింది కద నాయనా! మరి ఇప్పుడు మీరంతా దీని చుట్టూ ఎందుకు చేరారు?" అంది పెద్దమ్మ.

ఆవిడ కంప్యూటర్ తెర ముందు కూర్చుని నాలుగు మీటలు నొక్కింది. "డ్రైవ్ అనేది ఒకటుందని కూడా దీనికి తెలీదు. పిలిస్తే పలకట్లేదు."

"చెప్పానుగా, చచ్చిపోయిందని," అన్నాడు చీఫ్.

"చచ్చిందో, దీని గొంతు నొక్కారో చూడాలి బాబూ. ముందే శవం అనేస్తే ఎలా?"

లేచి, డ్రైవ్ వెనక్కి చెయ్యి పోనిచ్చింది. కళ్లు మూసుకుని తీగని వేళ్లతో తడుముకుంటూ చివరిదాకా వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

"నిదానం గారూ, టార్చి ఉందా?"

నిదానం వంగి వెలుగు చూపించాడు. తీగ చివర, బొటనవేలంత ఖాళీ సాకెట్. చుట్టూ బూడిద రంగు దుమ్ము దళసరిగా పేరుకుని ఉంది. సాకెట్లోని సన్నని సూదులు మాత్రం కొత్త గుండుసూదుల్లా మెరుస్తున్నాయి.

"ఇక్కడ ఒక బిరడా ఉండాలి," అంది పెద్దమ్మ. "తీగ చివర అది లేకపోతే పంపిన మాట తిరిగొచ్చి వచ్చే మాటకి అడ్డం తగులుతుంది. ఖాళీ బావిలో అరిచినట్టే, ఎవరు ఏమన్నారో ఎవరికీ వినపడదు. డ్రైవ్ నిక్షేపంగా ఉన్నా పలకదు."

"మూడు నెలల కిందట ఊడినదైతే సూదుల మీదా దుమ్ముండాలి," అన్నాడు నిదానం మెల్లగా.

చీఫ్ భుజాలెగరేశాడు. "తుడిచేవాళ్లు ఊడదీసి ఉంటారు."

"చుట్టూ తుడవకుండా లోపల తుడిచారా?"

పెద్దమ్మ రేకు డబ్బా తెరిచింది. అందులో పట్టుకార్లు, కంసాలి వాడేంత చిన్న స్క్రూడ్రైవర్లు, మెత్తని గుడ్డముక్కలు, అడుగున కాగితంలో చుట్టిన బిరడాలు రెండు. ఒకటి పెట్టి, మొత్తం ఆపి, మళ్లీ స్విచ్చి వేసింది. డ్రైవ్ ముందు భాగంలో దీపాలు ఒక్కొక్కటే వెలిగి ఆరాయి. తెర మీద దాని పేరు వచ్చింది. ఆవిడ ముఖం విచ్చుకుంది.

ఒక్క పసుపుపచ్చ దీపం మాత్రం ఆరలేదు.

"అదిగో, చెడిపోయిందనడానికి గుర్తు. నేనూ అదే చూశాను," అన్నాడు మెరుపు.

"అది చెడిపోయానని చెప్పట్లేదు నాయనా, మురికి పట్టిందంటోంది. పళ్లు తోమమంటోంది. శుభ్రం చేసే టేపు వేరే ఉంటుంది, ఎక్కడుంది?"

నిదానం అప్పటికే అరలు వెతుకుతున్నాడు. ల్యాబునుంచి తిరిగొచ్చిన గురువారం టేపు పక్కనే అది దొరికింది. దాని పెట్టెకి అంటించిన చీటీ మీద వరసగా గీతలు, ఒక్కో గీతకీ ఒక్కో తేదీ. సన్నని, ఒద్దికైన చేతిరాత.

"ఇవేమిటమ్మా?"

"ఒక్కో టేపుతో యాభైసార్లు తోమొచ్చు. ఆ తర్వాత ఎన్నిసార్లు పెట్టినా ప్రయోజనం ఉండదు, దీపం ఆరదు. అందుకే వాడినప్పుడల్లా గీత గియ్యమని నేర్పాను ఆ ఆపరేటర్‌కి. ఎన్నున్నాయి?"

"నలభై ఆరు." నిదానం చివరి తేదీని వేలితో చూపించాడు. "పోయిన వారం సోమవారం. కొలతలాయన పోవడానికి మూడు రోజుల ముందు. చీఫ్ గారూ, మూడు నెలల కిందట చచ్చిన మెషీన్‌కి సోమవారం పళ్లు తోమారండీ."

చీఫ్ ముఖంలో ఏమీ కదల్లేదు. "పని చేస్తున్నట్టు కనపడ్డానికి వాడు రాసుకుని ఉంటాడు. హంతకుడి చేతిరాతని పట్టుకుని నన్ను అడుగుతారేం?"

ఆ జవాబు సరిపోయేలాగే ఉంది. అంత త్వరగా వచ్చినందుకే నిదానానికి నచ్చలేదు.

శుభ్రం చేసే టేపు లోపలికి వెళ్లి, రెండు నిమిషాలు గరగరమని తిరిగి, తనంతట తానే బయటికి వచ్చింది. పసుపు దీపం ఆరిపోయింది. పెద్దమ్మ నలభై ఏడో గీత గీసి తేదీ వేసింది. అప్పుడు గురువారం టేపు చేతిలోకి తీసుకుని లోపలికి నెట్టింది.

టక్. బుర్రుమని ఒక తిరుగుడు. మళ్లీ టక్. మూడుసార్లు అలాగే అయి, టేపు బయటికి వచ్చేసింది.

"నా ల్యాబులోనూ ఇంతే," అన్నాడు మెరుపు. "అయిపోయిందా? వెళ్దామా?"

పెద్దమ్మ వినలేదు. తల ఒక పక్కకి వంచి, ఆగిపోయిన ఆ శబ్దాన్నే ఇంకా వింటున్నట్టు నిలబడింది. "చదివి కాదనలేదు ఇది. చదవడందాకా వెళ్లనే లేదు. చెయ్యి చాపింది, పట్టుకోవడానికి లోపల ఏమీ దొరకలేదు. మూడుసార్లు చాపింది పాపం."

అంతటి యంత్రం కడుపులో ఏం జరిగిందో ఆవిడ చెవితో చూసింది. నిదానం ముప్పై ఏళ్లుగా మనుషుల గొంతుల్లో అబద్ధం ఎక్కడ తడబడుతుందో వింటున్నాడు. ఇనప పెట్టె గొంతుని అలా విన్న మనిషిని ఇదే చూడడం.

ఆవిడ టేపు మూలనున్న చిన్న రేకు తలుపుని గోటితో పక్కకి జరిపింది. "ఇక్కడ టేపు కొసకి ఒక పుల్ల ఉంటుంది. ఉక్కుది, చీపురుపుల్ల ముక్కంత. డ్రైవ్ దాన్నే పట్టుకుని టేపుని లోపలికి లాక్కుంటుంది. ఇప్పుడది లేదు."

"విరిగి పడిపోయి ఉంటుంది," అన్నాడు చీఫ్.

"పడితే లోపల గలగలలాడాలి." చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. చప్పుడు లేదు. స్క్రూడ్రైవరు తీసింది.

చీఫ్ ఒక్క అడుగులో దగ్గరికొచ్చాడు. "అది విప్పడానికి వీల్లేదు! ప్రభుత్వ ఆస్తి. పైగా కేసులో సాక్ష్యం. ఆఫీసర్ గారూ, మీరు చూస్తూ ఊరుకుంటారా?"

"ఊరుకోను," అన్నాడు మెరుపు. "నిదానం గారూ, హద్దు దాటుతున్నారు. రేపు కోర్టులో ఈ టేపులో ఏం దొరికినా, మీరే ఎక్కించారంటారు. నా కేసు నాశనం అవుతుంది."

"మీ కేసు నిలబడాలనేగా మీ కోరిక?"

"అవును."

"అయితే కూర్చుని రాయండి. ఏ నిమిషానికి ఏ మర విప్పిందో మీ చేత్తో, మీ సంతకంతో. తప్పు జరిగితే నన్ను లోపలెయ్యండి. ఏం లేకపోతే మీరన్నదే ఖాయం అవుతుంది. ఒక్క మాట మాత్రం చెప్పండి. ఖాళీ టేపుని విప్పుతామంటే ఆయన ఎందుకు కంగారు పడుతున్నారు?"

మెరుపు చీఫ్ వైపు చూశాడు. ఇస్త్రీ చొక్కా చంకల కింద తడి. గదిలో ఏసీ చలి పుట్టిస్తోంది. తొందరపడే మనిషే గాని దొంగ కాదు మెరుపు. కుర్చీ లాక్కుని, కలం తీసి, "ఒంటిగంటా నలభై," అని రాశాడు.

నాలుగు మరలు. పెద్దమ్మ పై మూతని తామర రేకు ఎత్తినట్టు ఎత్తింది. లోపల నల్లని టేపు చుట్ట, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ. కొస ఎక్కడా నలగలేదు, చిరగలేదు. జాగ్రత్తగా లోపలికి చుట్టి ఉంది. మూత లోపలి మూలలో ఒక చిన్న కాగితం మడత, జిగురు పట్టీతో అంటించి ఉంది. ఆవిడ పట్టుకారుతో తీసి విప్పింది. ఉక్కు పుల్ల, దాన్ని పట్టి ఉంచే రెండు చిన్న క్లిప్పులు. కదలకుండా, చప్పుడు కాకుండా కాగితంలో చుట్టి ఉన్నాయి.

పెద్దమ్మ కళ్లజోడు తీసింది.

"ఇది చెడగొట్టిన చెయ్యి కాదు," అంది చివరికి. "దాచిన చెయ్యి. వాడికి నేనే నేర్పాను. పుల్ల ఊడితే ఏ మెషీనూ చదవలేదని. చదవలేనిదాన్ని ఏ మెషీనూ చెరపనూ లేదు, దాని మీద ఇంకోటి రాయనూ లేదు."

నిదానం ఆ కాగితం మడతని వెలుగులో తిప్పి చూశాడు. బీరువాలో పెడితే తాళం పగలగొడతారు. ఒంటి మీద పెట్టుకుంటే వెతికి లాక్కుంటారు. అరలోంచి టేపు మాయమైతే ఎక్కడుందని ఊరంతా గాలిస్తారు. ఆపరేటర్ దాన్ని దాని చోటే ఉంచి, అందరి కళ్ల ముందే ఉంచి, నాలుగు మరల మధ్య మూసేశాడు. శుక్రవారం ఎవరో దాన్ని చెరపబోయి ఉంటారు. డ్రైవ్ తోసేసి ఉంటుంది. చెడిపోయిందిలే అని ఊపిరి పీల్చుకుని, బిరడా పీకేసి వెళ్లి ఉంటారు. మెరుపు ల్యాబులోనూ అది తన రహస్యం చెప్పలేదు. ఇరుకు లాకప్ గదిలో కూర్చుని, ఇంకేం చెప్పినా టేపు చెరపబోయినవాళ్ల చెవిన పడుతుందని, ఆరు రోజులుగా ఆపరేటర్ ఒకే ఒక్క నిజం చెబుతున్నాడు. టేపు చదవదు.

పెద్దమ్మ ఊపిరి బిగబట్టి కొసని పుల్లకి చుట్టి, క్లిప్పులు నొక్కి, మూత బిగించింది. "రెండూ ఐదు," రాశాడు మెరుపు.

ఈసారి టక్‌మన్నాక శబ్దం ఆగలేదు. సన్నగా మొదలై, తేనెటీగల పట్టు దగ్గర చెవి పెట్టినట్టు నిండుగా మారింది.

"ఆరువందల మీటర్లు," అంది పెద్దమ్మ నెమ్మదిగా. "తలవెంట్రుకలో పదో వంతు మందం కూడా ఉండదు. అందులో వందల బాటలు, పక్కపక్కనే. ఒకటి చివరిదాకా చదివి వెనక్కి తిరిగి పక్క బాట పడుతుంది. ఏముందో చెప్పే పట్టిక డిస్కుతో పాటే పోయింది కాబట్టి మొదట్నుంచీ చదివించాలి. నలభై నిమిషాలు పడుతుంది. ఎవరూ దాన్ని ముట్టుకోకండి."

నిదానం అనుమతి అడిగి దాని మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. లోపల ఒక మనిషి చివరి ఉదయం పరుగెడుతోంది. ఎవరు ఏ తలుపు తీశారో, ఎవరు ఏ అంకె వేశారో, ఏదీ మరవకుండా, ఎవరి మొహమూ చూడకుండా రాసుకున్న నల్లని పట్టీ. ఆయన చెయ్యి వెంటనే తియ్యలేకపోయాడు.

సగంలో శబ్దం మారింది. గరుకుగా, ముందుకీ వెనక్కీ గీకినట్టు.

"పోతోందా?" అంటూ మెరుపు కుర్చీలోంచి లేచాడు. ఆ గొంతులో వెక్కిరింత లేదు.

"ఒక చోట మాట సరిగ్గా వినపడలేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వింటోంది. కంగారుపడి ఆపేస్తే అప్పుడు పోతుంది."

పదకొండుసార్లు వెనక్కి వెళ్లింది. నిదానం లెక్కపెట్టాడు. పన్నెండోసారి దాటేసింది.

"నాకు సమావేశం ఉంది," అన్నాడు చీఫ్, తలుపు వైపు నడుస్తూ.

"కూర్చోండి," అన్నాడు మెరుపు, తలెత్తకుండానే.

*

రెండూ నలభై ఎనిమిదికి తెర మీద వరసలు పడ్డాయి. ముందుగా సొరంగం తలుపు వివరాలు తెరిచారు.

గురువారం. పదీ యాభై రెండు, కొలతలాయన కార్డు, లోపలికి. పదకొండూ ముప్పై ఒకటి, ఒకటో నంబరు కార్డు, లోపలికి. పదకొండూ నలభై నాలుగు, ఒకటో నంబరు, బయటికి. పన్నెండింటికి నకలు మొదలైంది కాబట్టి అక్కడితో ఆఖరు.

"ఒకటో నంబరు ఎవరిది?" అడిగాడు నిదానం. అడగనక్కర్లేదు. అది చీఫ్ మెళ్లోనే వేలాడుతోంది.

మెరుపు నెమ్మదిగా కలం మూత పెట్టాడు. తను సంతకం పెట్టిన ప్రింటులో ఆ రెండు వరసలూ లేవు. "నన్ను వెధవని చేశారు మీరు," అన్నాడు చీఫ్‌తో. "నాలుగు గంటల్లో తేల్చేశానని ఊరంతా చెప్పుకున్నాను."

"తొయ్యలేదు నేను," అన్నాడు చీఫ్. గోడకి చేరబడ్డాడు. "చెయ్యి పట్టుకున్నాను, అంతే. పైకి ఫోన్ చేస్తానన్నాడు. విదిలించుకున్నాడు. మెట్లు తడిగా ఉన్నాయి."

"దేని గురించి ఫోన్?"

పెద్దమ్మ తెరకి మరీ దగ్గరగా జరిగింది. "నిదానం గారూ, ఇది చూడండి. ఎవరైనా అంకె మారిస్తే పాత అంకె, మార్చినవాళ్ల నంబరు కంప్యూటర్ లోపలి ఈ పుస్తకంలో పడతాయి. ఇదొకటుందని పై వాళ్లకి తెలీదు."

గోడలోంచి నిమిషానికి ఊరిన నీళ్లు, లీటర్లలో. కొలతలాయన వేసిన అంకెలు సోమవారం నలభై ఒకటి, మంగళవారం యాభై ఎనిమిది, బుధవారం తొంభై, గురువారం నూట అరవై నాలుగు. మొదటి మూడింటిలో మంగళ, బుధవారాల అంకెల్ని ఒకటో నంబరు నలభై ఒకటిగా మార్చింది. క్యాంటీన్లో గొడవ ఎందుకు జరిగిందో నిదానానికి ఇప్పుడు అర్థమైంది. నేను వేసిన అంకె నువ్వెందుకు మార్చావని కొలతలాయన ఆపరేటర్ని నిలదీశాడు. తను మార్చలేదని తెలిశాక ఇద్దరూ కలిసే ఆలోచించి ఉంటారు. గురువారం టేపు ఎందుకు దాచాలో అప్పుడే తేల్చుకుని ఉంటారు.

గురువారం అంకె పక్కన కొలతలాయన, సొరంగంలోని కీబోర్డు మీంచే, నాలుగు ముక్కలు టైపు చేశాడు. సమయం పదకొండూ ఇరవై. 'ఇన్నేళ్లూ తేటగా వచ్చాయి. ఇవాళ కాస్త రంగు మారినట్టుంది. మళ్లీ చూస్తాను. మట్టి కనపడితే గోడ కింది నేల కొట్టుకుపోతున్నట్టు. కింద ఊళ్లు వెంటనే ఖాళీ చేయించాలి.'

మళ్లీ చూడ్డానికి ఆయన మిగల్లేదు.

గోడ మీది పెద్ద తెర మీద ఇవాళ్టి అంకె ఆకుపచ్చగా వెలుగుతోంది. నలభై ఒకటి.

"ఆరు రోజులుగా ఎవరు కొలుస్తున్నారు?" అన్నాడు మెరుపు.

చీఫ్ తల దించుకున్నాడు. "ఆ గోడకి ఏమీ కాదు. నేను మరమ్మతు చేయించిన గోడ అది. నా చేత్తో..."

మెరుపు అతని మెళ్లోంచి కార్డు తెంచుకున్నాడు. బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ని పిలిచి అతణ్ని అప్పగించాడు. "పదండి," అన్నాడు నిదానంతో. మొదటిసారి ఆయన కోసం తలుపు పట్టుకుని ఆగాడు.

సొరంగంలోకి నూట పన్నెండు మెట్లు. దిగేకొద్దీ చలి. రెండు పక్కలా కాంక్రీటు, తల మీద దీపాల వరస ఎక్కడో చుక్కలా కలిసిపోతోంది. ఈ గోడకి అవతల, చేతి పొడవులు ముప్పై దాటితే, కొండల మధ్య నిలిచిన నీరంతా భుజం మోపి నెడుతోంది. నిదానం ఆగి కాంక్రీటు మీద అరచెయ్యి ఆనించాడు. మనిషి కట్టినదానికి ఇంత నిశ్శబ్దం ఎలా వచ్చిందా అనిపించింది. మరుక్షణం ఆ నిశ్శబ్దం అడుగున ఏదో సన్నగా వినపడింది.

చివరి మెట్ల దగ్గర, ఊటనీళ్లన్నీ చేరి ఒక గొట్టంలోంచి కాలువలో పడతాయి. పక్కన మేకుకి ఒక బక్కెట్ వేలాడుతోంది. ఇరవై లీటర్ల దగ్గర ఎర్ర రంగు గీత, పైన సున్నంతో రాసిన అక్షరాలు: 'మామూలుగా ముప్పై లెక్కపెట్టాలి.'

మెరుపు గడియారం ఎత్తాడు. "గురువారం లెక్కయితే ఏడు. పెట్టండి."

నిదానం బక్కెట్‌ని గొట్టం కింద పెట్టాడు. ధార బరువుకి అది చేతిలోంచి జారబోయింది.

"ఒకటి," అన్నాడు మెరుపు. "రెం..."

నీళ్లు ఎర్ర గీత దాటి నిదానం చేతుల మీదుగా పొర్లాయి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నిదానం బక్కెట్‌ని దీపం కిందికి లాగి, టార్చి వెలుగు నీళ్లలోకి వేశాడు. అడుగు కనపడాలి. కనపడలేదు. వెలుగు జానెడు లోతులోనే ఆగిపోయింది. చెయ్యి ముంచి అడుగున తడిమి, పిడికిలి బయటికి తీసి విప్పాడు.

అరచేతి నిండా ఎర్రమట్టి.

"కింద ఎన్ని ఊళ్లు?" అన్నాడు.

మెరుపు అప్పటికే మెట్లెక్కుతూ ఫోన్ తీశాడు. సొరంగంలో సిగ్నల్ లేదు. "పధ్నాలుగు," అని అరిచాడు పైనుంచి. "బడులు వదిలే వేళ!"

ఇనప మెట్ల కమ్మీ పట్టుకున్న నిదానం చేతికి, లోహం లోపలినుంచి, ఆగకుండా, సన్నని వణుకు తెలిసింది.